శీర్షికలో నాలుగు థీసిస్‌లున్నాయి, మీరు రాయాల్సింది ఒక్కటే

పేరు వేయొద్దని కోరిన ఒక పాఠకురాలు తిరుపతి నుంచి పెద్ద ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

వయసు 27. నాన్నగారికి బంగారుపాళ్యం వైపు తోతాపురి తోట ఉంది. తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చింది కాబట్టి ఐదేళ్ల ఫెలోషిప్‌లో ఇంకా 28 నెలలు మిగిలాయి. మారుతున్న వాతావరణానికి శేషాచలం ఎర్రచందనం ఎలా అలవాటు పడుతోందన్నది అంశం. గైడు వేసిన ప్రణాళికలో నాలుగు పనులున్నాయి. కొండ మీద మూడు ఎత్తుల్లోని చెట్ల ఆకులు కొలవాలి. మానులోంచి సన్నటి పుల్లలాంటి కర్రముక్క (కోర్) తీసి వలయాలు లెక్కపెట్టాలి. మూడు ఎత్తుల విత్తనాలనూ ఒకేచోట పెంచి, నీళ్లు తగ్గించి చూడాలి. జన్యు పరీక్షలు చేయించాలి. మాను తొలవడానికి అటవీ శాఖ ఒప్పుకోలేదు. మే నెలలో చెట్ల కింద ఏరిన 600 కాయలు నాటితే 70 మొలిచాయి. వాటిలో బతికినవి 22. సంచులన్నీ కలిసిపోవడంతో ఏ మొక్క ఏ ఎత్తుదో ఇప్పుడు తెలియదు. చేతిలో మిగిలింది 120 చెట్ల ఆకుల కొలతలే. ‘వలయాలు లేకుండా థీసిస్ ఏముంది, మళ్లీ దరఖాస్తు పెట్టు’ అంటారు గైడు. ఇంట్లోవాళ్లు బెంగళూరు సంబంధం చూసి, ‘అడవిలో చెట్లు కొలిచే చదువు ఇంకెన్నాళ్లు’ అంటున్నారు. ఈలోగా ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చింది. అంశం మార్చుకోనా, మానేయనా, ఇలాగే లాక్కురానా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

ఉత్తరంలో మూడు చోట్ల మిమ్మల్ని మీరే చేతకానిదాన్నని తిట్టుకున్నారు. ఎర్రచందనం కాయ మొలకెత్తకపోవడానికీ మీ చేతనైనతనానికీ ఏ సంబంధమూ లేదు. ఆ కాయ పెంకు గట్టిది. లోపల గింజే లేని కాయలు చాలా ఉంటాయి. నర్సరీల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకూ అది మొండి విత్తనమే. అసలు చిక్కు మీ శీర్షికలో ఉంది. ఆ ఒక్క వాక్యం కింద నాలుగు వేర్వేరు థీసిస్‌లున్నాయి, వాటిలో రెండు ఒకదాని ప్రశ్నకు ఇంకొకటి జవాబు చెప్పలేనివి.

మీ తోట సంగతే తీసుకోండి. ఒకే తల్లిచెట్టు నుంచి అంటుకట్టిన తోతాపురిని బంగారుపాళ్యంలో ఒకటి, కడప వైపు ఇంకొకటి నాటితే ఆకు మందం, కాయ సైజు తేడాగా వస్తాయి. ఆ తేడా నేలది, నీటిది. అదే తోటలో పక్కపక్కనే ఉన్న తోతాపురికీ బంగినపల్లికీ ఉన్న తేడా పుట్టుకతో వచ్చింది. అడవిలో కింద చెట్టు ఆకు పలచగా, పైన చెట్టు ఆకు మందంగా ఉందని మీరు కొలిచినప్పుడు, అది ఈ రెండింట్లో ఏ రకం తేడానో ఆ కొలత చెప్పదు. రెండింటినీ విడదీయాలంటే విత్తనాలను ఒకేచోట పెంచాలి, లేదా జన్యువుల్లో చూడాలి. ఆకుల కొలతలు మాత్రమే ఉన్న థీసిస్‌కూ విలువ ఉంది. అయితే దాని శీర్షికలో ‘వాతావరణాన్ని బట్టి ఎర్రచందనం ఆకుల్లో, కొమ్మల్లో కనిపించే తేడాలు’ అనే ఉండాలి. తరాల మీద వచ్చిన మార్పు అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఇక చేతిలో ఉన్న 120 చెట్లు. మీకు భరోసా ఇస్తున్నది అవే, నాకు గుబులు పుట్టిస్తున్నదీ అవే. మూడు ఎత్తుల్లో 40 చెట్ల చొప్పున కొలిచారు. మీ ప్రశ్న చెట్టు గురించి కాదు, వాతావరణం గురించి. వాతావరణం వైపు నుంచి లెక్కపెడితే మీ దగ్గరున్నవి మూడే నమూనాలు. ఒకే వాలు మీది 40 చెట్లు ఒకే వాననూ ఒకే రాతినీ పంచుకుంటాయి. వాటిని 40 విడి సాక్ష్యాలుగా లెక్కగడితే పి-విలువ (తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశాన్ని చెప్పే అంకె) చిన్నదిగా, అందంగా వస్తుంది. పరీక్షకుడికి గణాంకశాస్త్రం తెలిసి ఉంటే ఆ అధ్యాయం మొత్తం కూలిపోతుంది. దీనికి తోడు 600, 700 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీల చిల్లర తగ్గుతుంది, నిజమే. కానీ ఎత్తుతోపాటు మట్టి లోతు, క్వార్ట్‌జైట్, షేల్ రాళ్ల పాలు, వాన కూడా మారిపోతాయి. మూడు చోట్లతో వీటిని విడదీయడం కుదరదు. ఇంకో మాట. కింది చెట్టుకూ పై చెట్టుకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. పుప్పొడిని తేనెటీగలు మోస్తాయి, రెక్కల కాయను గాలి మోస్తుంది. జన్యువులు కలిసిపోతూనే ఉంటాయి కాబట్టి ఒకే కొండ మీద పుట్టుకతో వచ్చిన తేడా కనపడే అవకాశం తక్కువ.

దీనికి మందు చెట్ల సంఖ్య తగ్గించి చోట్ల సంఖ్య పెంచడం. పది చోట్లు, చోటుకు పది చెట్లు, చెట్టుకు ఐదు ఆకులు చాలు. మామండూరు, బాలపల్లి, చామల, భాకరాపేట, కోడూరు వైపు నుంచి సిద్ధవటం, వెలిగొండల దాకా ఎర్రచందనం ఉంది. పాత ఉమ్మడి జిల్లాల లెక్కలో చిత్తూరుకు సగటు వాన 900 మిల్లీమీటర్ల పైచిలుకు, కడపకు 700 దరిదాపు. ఒక్క కొండ ఎక్కి దిగితే దొరకని తేడా ఇది. మీ పాత మూడు చోట్లూ ఈ పదిలో కలుస్తాయి. ఒక్కోచోట 40లోంచి పదింటిని చీటీ వేసి తీసుకోండి, లేదా 40నీ ఉంచి మిక్స్‌డ్ మోడల్ అనే గణాంక పద్ధతిలో ‘చోటు’ను రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టండి, అప్పుడు ఒకే చోటి చెట్లు విడి సాక్ష్యాలుగా లెక్కకు రావు. పడిన శ్రమ వృథా కాదు.

ఆకు కోసేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని చెబుతాను, మీ పాత కొలతల్లో ఇవి ఉన్నాయేమో చూసుకోండి. ఎర్రచందనం జనవరి నుంచి ఆకు రాల్చి వేసవిలో చిగురిస్తుంది. ఏప్రిల్ లేతాకునూ సెప్టెంబరు ముదురాకునూ కలిపి పోల్చకూడదు. పది చోట్లూ ఆగస్టు, సెప్టెంబరుల్లో వీలైనంత తక్కువ రోజుల్లో ముగించాలి. ఎండ పడే పైకొమ్మ ఆకే కావాలి. అందిందని కింది నీడాకు కోస్తే పలచని ఆకు వచ్చి, ఆ చోటు తడిగా ఉందని పొరపాటు పడతారు. మూడు చిట్టాకుల ఆకు కాబట్టి నడిమి కాడను తూకంలో కలుపుతారో లేదో ముందే తేల్చుకుని చివరిదాకా అదే పాటించండి. తడి కాగితంలో చుట్టి జిప్ కవరులో తెచ్చి, 24 గంటల్లోగా స్కాన్ చేసి, 70 డిగ్రీల దగ్గర కనీసం 48 గంటలు ఆరబెట్టి తూచండి.

కరువు తట్టుకునే గుణం తెలియాలంటే తెల్లవారకముందే ఆకులో నీటి ఒత్తిడి కొలవాలని చాలామంది చెబుతారు. శేషాచలంలో తెల్లవారుజాము నాలుగింటికి ఆ ఒత్తిడి కొలిచే ప్రెషర్ చాంబర్ మోసుకుని తిరగడం అనుమతి వైపు నుంచీ కుదరదు, చిరుతలు, ఏనుగుల వైపు నుంచీ కుదరదు. దానికి బదులు ఆకు వాలిపోయే హద్దును ప్రయోగశాలలోనే అంచనా వేయవచ్చు. కొమ్మను రాత్రంతా నీళ్లలో ఉంచి, ఆకు బిళ్ల కత్తిరించి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి ఆస్మోమీటర్ అనే పరికరంలో చూస్తే, ఆకు రసం గాఢతను బట్టి ఉండే ఆస్మాటిక్ ఒత్తిడి తెలుస్తుంది. దాన్నుంచి ఆ హద్దు లెక్కకు వస్తుంది. మీ విభాగంలో ఆస్మోమీటర్ లేకపోతే తిరుపతి దగ్గర కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది, నగరంలో వ్యవసాయ కళాశాల ఉంది. గైడు సంతకంతో ఒక ఉత్తరం తీసుకెళ్లి అడగండి. ఆకులో కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్ రకం) నిష్పత్తి కూడా పనికొస్తుంది, పత్రరంధ్రాలు ఎంత బిగించి బతుకుతోందో అది చూపిస్తుంది. అయితే గాలి పీడనం వల్ల ఎత్తు పెరిగేకొద్దీ ఆ విలువ దానంతటదే మారుతుంది. ఎత్తును లెక్కలోకి తీసుకోకుండా కరువుకు ముడిపెట్టకండి.

వలయాల సంగతికి వద్దాం. గైడు పట్టు అక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మానును తొలిచే ఇంక్రిమెంట్ బోరర్ అనే పరికరం తీసే కోర్ మామూలుగా 5.15 మిల్లీమీటర్ల మందం. శాస్త్రం దృష్టిలో అది చిన్న గాయం. ఎర్రచందనం విషయంలో మాత్రం చేవ దాకా తొలిచే పరికరంతో అడవిలోకి ఒక మనిషిని పంపడమంటే, ఎంత చేవ పట్టిందో చూసి దుంగలు కొట్టే స్మగ్లర్ల బెడద ఉన్నచోట, ఏ అధికారీ తేలిగ్గా సంతకం చేయడు. మళ్లీ దరఖాస్తు పెట్టినా జవాబు మారుతుందని నేననుకోను. ఆ ఎదురుచూపులో మీకు ఒక సీజన్ పోతుంది.

అనుమతి వచ్చిందే అనుకుందాం. టేకు వలయాలు స్పష్టంగా ఉంటాయి, ద్వీపకల్ప భారతంలో వలయాల పరిశోధన ఎక్కువగా దాని మీదే నడిచింది. ఎర్రచందనంలో ఆ స్పష్టత లేదు. పైగా మన కొండలకు రెండు వానాకాలాలు. నైరుతి సెప్టెంబరుతో తగ్గుతుంది, ఈశాన్యం అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది. మధ్యలో వాన ఆగి ఎండకాస్తే మాను ఎదుగుదల ఆపి మళ్లీ మొదలుపెట్టగలదు. అలా ఒకే ఏడాదిలో రెండు గీతలు పడితే, 2021 నవంబరు వరద వానల్లాంటి ఏడాదిని మీరు రెండేళ్లుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. ఒక గీత ఒక ఏడాదేనని ముందు రుజువు చేయాలి. ఆ రుజువే ఒక థీసిస్. ఈ వాదనను గైడు ముందు పెట్టండి. ‘అనుమతి రాలేదు’ అన్న మాట కంటే ‘వచ్చినా ఈ గడువులో నమ్మదగ్గ కాలక్రమం రాదు’ అన్న మాటకు ఆయన దగ్గర బరువెక్కువ.

ఎదుగుదల కావాల్సిందే అంటే డెండ్రోమీటర్ పట్టీలున్నాయి. మానుకు స్టీలు పట్టీ చుట్టి స్ప్రింగుతో బిగించి నెలకోసారి వెర్నియర్‌తో చదవడమే పని. 1.37 మీటర్ల ఎత్తున, బెరడు పెచ్చులు మెల్లగా గీకి కట్టాలి. మొదటి కొన్ని నెలలు పట్టీ సర్దుకుంటుంది, ఆ అంకెలు నమ్మకండి. వేసవిలో బెరడు ఎండి చుట్టుకొలత తగ్గినట్టు కనిపిస్తుంది, మాను కుంచించుకుపోయిందని రాసుకోకండి. ఈ సెప్టెంబరులో కడితే మీ గడువులోగా ఒక పూర్తి ఏడాది, రెండో ఏడాదిలో చాలా భాగం చేతికొస్తాయి.

విత్తనాల ప్రయోగం మళ్లీ చేయాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవాల్సిన అసలు విషయం. మీకు మిగిలినవి రెండు ఫిబ్రవరులు. కాయ ఫిబ్రవరి, మార్చిల్లో పక్వానికి వస్తుంది. వచ్చే ఫిబ్రవరి తప్పితే రెండోది చాలా ఇరుకు. చేస్తే ఇలా చేయండి. కాయలు చెట్టు మీదనే కోయండి, మే దాకా కింద పడి ఉన్నవాటిని పురుగు తొలిచేస్తుంది. ప్రతి తల్లిచెట్టు కాయలూ విడి సంచిలో వేసి, అల్యూమినియం బిళ్ల మీద గీరి రాసి కట్టండి. ప్లాస్టిక్ మీద మార్కర్ రాత మన ఎండకు వెలిసిపోతుంది. తల్లిచెట్ల మధ్య కనీసం 50 మీటర్ల ఎడం ఉంటే మంచిది. ఒక్కో చెట్టు కాయల్లో కొన్నింటిని కత్తెరతో అడ్డంగా కోసి, ఎన్నింట్లో గట్టి గింజ ఉందో ముందే చూడండి. నూటికి నలభై గుల్లయితే మీ మొలక శాతాన్ని మిగిలిన అరవై మీదనే లెక్కగట్టాలి. మీ 600కు 70 అన్న లెక్క ఈ పరీక్ష లేకుండా వచ్చింది, అందుకే అంత ఘోరంగా కనిపిస్తోంది.

రెక్కలు కత్తిరించి, పెంకు అంచు కొద్దిగా గిల్లి, పేడనీళ్లలో 72 గంటలు నానబెట్టడం నర్సరీల్లో ఉన్న పద్ధతి. మీరు నానబెట్టిన 24 గంటలు ఆ పెంకుకు చాలవు. ఇసుక మడిలో మొలిపించి, తల్లివేరు తెగకుండా లేతగా ఉన్నప్పుడే మార్చాలి. మొలిచాక చచ్చిన మీ 48 మొక్కల వర్ణన చూస్తే, మొదలు దగ్గర నల్లబడి వాలిపోయాయన్నారు కాబట్టి, అది నారుకుళ్లులా ఉంది. కొండవాలు మీద నీళ్లు నిలవని నేలలో పెరిగే చెట్టుకు బంకమట్టి సంచి, రెండు పూటల నీళ్లు పడవు. ఇసుక పాలు పెంచి ఉదయం పూట మాత్రమే నీళ్లు పోయండి.

నీళ్లు తగ్గించే దశను అక్టోబరు, డిసెంబరు మధ్య ముగించాలి, జనవరి దాటితే ఆకు రాలడం కరువు వల్లనో కాలం వల్లనో చెప్పలేరు. అవి వానల నెలలు కాబట్టి పైన పాలిథిన్ కప్పు వేసి పక్కలు తెరిచి ఉంచాలి. చిన్న సంచిలో వేరు చుట్టుకుపోతే కరువు పరీక్ష కాస్తా సంచి పరీక్ష అవుతుంది. మీటరు పొడవు పీవీసీ గొట్టాలు మేలు. లెక్క విషయానికొస్తే ఆరు చోట్లు, చోటుకు ఎనిమిది తల్లిచెట్లు, తల్లికి 12 మొక్కలంటే 576 మొక్కలు. సగం నీళ్లకు, సగం కరువుకు. ఒంటిచేత్తో ఇది కష్టం. నర్సరీలో నమ్మకంగా చూసే ఒక మనిషి లేకపోతే మొదలుపెట్టకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఆకులు, పట్టీలు, 15 రోజులకోసారి చిగురు, పూత, కాయల నమోదు, ఈ మూడింటితో థీసిస్ కడితే గడువులో పూర్తయ్యే అవకాశం బాగా ఎక్కువ. పుట్టుక, పరిసరం అన్న ప్రశ్నకు మాత్రం అది జవాబు చెప్పదు, ఆ మాట మీరే రాయాలి. దానికి విత్తనాల ప్రయోగం కలిపితే థీసిస్ బలం రెట్టింపవుతుంది. మొలకలు దెబ్బతిన్నా మొదటి భాగం నిలబడుతుంది. నా మొగ్గు ఇటే. జన్యు పరీక్షల దారిలో అడవి పని తక్కువ. ఆకును దాని బరువుకు పదింతల సిలికా జెల్‌లో ఆరబెట్టి తెస్తే చాలు. కానీ జన్యుక్రమం చదివే సీక్వెన్సింగ్‌కు డబ్బు, విశ్లేషణకు కంప్యూటర్ నేర్పు రెండూ కావాలి. గైడు ప్రాజెక్టులో నిధి లేకపోతే ఆ కల ఇప్పటికి పక్కన పెట్టండి. ఆకులు మాత్రం ఆరబెట్టి దాచుకోండి, తర్వాత పోస్ట్‌డాక్‌లో పనికొస్తాయి. చివరిది చెట్టును మార్చడం. చిరుమాను, నల్లమద్ది, బిల్లుడు లాంటివి అవే వాలుల మీద ఉన్నాయి, వాటికి ఇంత కాపలా లేదు. ఎర్రచందనం పేరుకున్న ఆకర్షణ పోతుంది గానీ ప్రశ్న బతుకుతుంది. వచ్చే జనవరికి కూడా కొత్త చోట్ల అనుమతి తేలకపోతే ఇదే మీ దారి.

అనుమతి దరఖాస్తును రెండుగా విడగొట్టండి. రిజర్వు ఫారెస్టులోని చోట్లు ఒకటి, శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, లంకమల అభయారణ్యం లాంటివి ఇంకొకటి. రెండో రకానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, ఆలస్యం అక్కడే. మొదటి రకంలోనే పది చోట్లు దొరికితే రెండోది అడగనే వద్దు. ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు, ఏ నెలలు, ఎవరెవరు, ఏ బండి, అన్నీ అంకెలతో రాయండి. ‘మాను తొలవం, కర్ర తేము’ అన్న వాక్యం మొదటి పేజీలోనే ఉండాలి. వెళ్లే ముందురోజు బీటు అధికారికి ఫోను చేసి, అనుమతి నకలు పట్టుకుని, వాచర్‌ను వెంటబెట్టుకునే వెళ్లండి. ఎర్రచందనం మొక్కల దగ్గర జీపీఎస్ పట్టుకుని తిరిగే మనిషిని టాస్క్‌ఫోర్స్ ఆపి అడగడం న్యాయమే. అక్షాంశ రేఖాంశాలను థీసిస్‌లో గానీ పేపర్లో గానీ ఉన్నదున్నట్టు వేయకండి. పదో వంతు డిగ్రీకి కుదించి వేయండి, లేకపోతే పెద్ద చెట్ల పటం మీరే గీసి ఇచ్చినట్టవుతుంది.

గైడుతో మాట్లాడేటప్పుడు ‘నావల్ల కావడం లేదు’ అని మొదలుపెట్టకండి. ఒక్క కాగితం మీద 28 నెలలు గళ్లు గీసి, ఏ నెలలో ఏ పని, ఏ పని తప్పితే ఏ అధ్యాయం పోతుందో రాసి చూపండి. వలయాల గడి ఖాళీగా వదిలి ‘అనుమతి వస్తే’ అని రాయండి, ఆయన మాట తీసేసినట్టుండదు. శీర్షిక మార్పు సలహా కమిటీ ముందు పెట్టాలి కాబట్టి వచ్చే సమావేశానికే పెట్టమని అడగండి. ఆయన ఒప్పుకోకపోతే కమిటీలో ఇంకొకరితో, ముఖ్యంగా గణాంకం తెలిసినవారితో, ఆ మూడు చోట్ల సంగతి చర్చకు తెప్పించండి. నేరుగా గైడును మార్చుకునే దారి కూడా నిబంధనల్లో ఉంది. కానీ ఈ దశలో దానికి ఏడాది ఖర్చవుతుంది, మాటలు పూర్తిగా ఆగిపోతే తప్ప అటు వెళ్లకండి.

ఇంటి విషయంలో మీకు సలహా ఇచ్చే హక్కు నాకు తక్కువ, సమాచారం మాత్రం ఇస్తాను. 2022 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీ గడువు ఆరేళ్లు. మళ్లీ రిజిస్టరు చేసుకుంటే ఇంకో రెండేళ్లు, మహిళలకు ఆపైన మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. పెళ్లై వేరే ఊరు వెళ్లాల్సి వస్తే సేకరించిన సమాచారంతో సహా అక్కడి విశ్వవిద్యాలయానికి మారవచ్చు, ఇక్కడి సంస్థకు తగిన గుర్తింపు ఇవ్వాలి. ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లకే ఆగుతుంది. బెంగళూరు సంబంధం అంటే చదువు ఆగడమేనని నాన్నగారు అనుకుంటుంటే ఈ నిబంధన చూపించండి. అబ్బాయి వాళ్లతో మాట్లాడేటప్పుడు ‘రెండు సీజన్లు ఫిబ్రవరి, సెప్టెంబరుల్లో తిరుపతిలో ఉండాలి’ అని నెలల పేర్లతో చెప్పండి. ‘చదువు పూర్తి చేయనివ్వాలి’ అంటే అందరూ సరే అంటారు, ఆ నెలల దగ్గరే అసలు జవాబు తెలుస్తుంది.

మానేయడమే మీకు నయమనిపిస్తే అది తప్పేం కాదు. కానీ జూనియర్ కాలేజీకి తొందరపడకండి. జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి డిగ్రీ కళాశాలల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ అర్హత ఇప్పటికే ఉంది, పీహెచ్‌డీ లేకున్నా. పూర్తికాలపు ఉద్యోగంలో చేరిన రోజే ఫెలోషిప్ ఆగుతుంది. 2023 నుంచి సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) నెలకు 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరు. వాళ్లు ఇస్తామన్న జీతాన్ని దాని పక్కన పెట్టి చూడండి. ఏది నిర్ణయించుకున్నా ఫిబ్రవరి దాకా ఆగి నిర్ణయించుకోండి, ఈలోగా సెప్టెంబరు ఆకుల పని, పట్టీలు కట్టడం మాత్రం ఆపొద్దు.